లష్కరు ఇళ్ళ కప్పులు: వానా, కోతీ, మనమూ

2015లో తెలంగాణలో హరితహారం మొదలైనప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారి నోట ఒక నినాదం ఊరూరా తిరిగింది. వానలు వాపసు రావాలి, కోతులు వాపసు పోవాలి అని. చెట్లు పెరిగితే వానలు కురుస్తాయి, అడవిలో పండ్లు దొరికితే కోతులు ఊళ్ళు వదిలిపోతాయి అని దాని భావం. టీవీలో అది విని మా ఇంట్లో మగవాళ్ళు అడవుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మా అత్తగారు మాత్రం, "ముందు కోతుల్ని పొమ్మనండి. పెంకులు సర్దించుకున్నాక వానల్ని రమ్మనండి" అన్నారు.

ఆవిడ పుట్టి పెరిగింది, కాపురం చేసింది అంతా సికింద్రాబాదులోనే. మారేడుపల్లి ఇంటికి ముందు భాగం పెంకులు, వెనక భాగం తర్వాత వేసిన స్లాబు. అరవై ఏళ్ళుగా ఆవిడకి వానాకాలం అంటే కప్పు లెక్కే. ఇంటి కప్పు చూసుకోవడం మగవాళ్ళ పని అంటారు, నిచ్చెన ఎక్కేది వాళ్ళు కాబట్టి. కానీ కప్పు కారుతోందని ముందు తెలిసేది ఎవరికి? బియ్యం డబ్బా పక్కకి జరిపేది, పరుపులు ఎత్తి మంచం ఇటు లాగేది, ఏ చుక్క కింద గిన్నె పెట్టాలో ఏ చుక్క కింద బకెట్టు పెట్టాలో తెలిసినది ఆడవాళ్ళకే. అందుకే మన ఊరి చరిత్రని ఒకసారి కప్పుల వైపు నుంచి చూద్దామనిపించింది. నవాబులూ రెసిడెంట్లూ పటాలాలూ ఎలాగూ పుస్తకాల్లో ఉన్నారు.

గడ్డి కప్పులు, గుడ్డ సీలింగులు

పాతవాళ్ళు సికింద్రాబాదుని ఇప్పటికీ లష్కరు అనే అంటారు. లష్కరు అంటే దండు. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన దిగాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ చోటికి సికింద్రాబాదు అని పేరొచ్చింది. అంటే మన ఊరి మొట్టమొదటి కప్పు డేరా గుడ్డ!

డేరాల తర్వాత బంగళాలు వచ్చాయి. బంగళా అనే మాట బెంగాల్ నుంచి వచ్చింది. అక్కడి పల్లెల్లో ఏటవాలు గడ్డి కప్పు వేసుకునే ఇంటి తీరు అది. తెల్లవాళ్ళు దానికి చుట్టూ వసారా కలిపి దేశంలోని దండు ఊళ్ళన్నింటికీ తీసుకెళ్ళారు. తమాషా చూడండి, అలా గడ్డి గుడిసెకి పుట్టిన పేరు తెలంగాణలో చివరికి మేడకీ డాబాకీ స్థిరపడిపోయింది. "పిల్లలు బంగ్ల మీద ఆడుకుంటున్నరు" అంటే డాబా మీద అనేగా!

గడ్డి కప్పుకి చల్లదనం ఎక్కువ. కానీ అందులో మనకన్నా ముందే ఎలుకలు, ఉడుతలు, తేళ్ళు, పాములు కాపురం పెట్టేస్తాయి. మానుపిల్లి కూడా. తాటిచెట్ల మీదా పాత ఇళ్ళ అటకల మీదా రాత్రిళ్ళు తిరిగే పొడుగు తోక జంతువు అది. ఇప్పుడు కాలనీల్లో ఎప్పుడైనా కనపడితే చిరుతపులి పిల్ల అని హడావుడి చేసేది దాన్ని చూసే. ఈ పైనున్న జనాభా కింద పడకుండా దొరలు ఒక ఉపాయం పట్టారు. గోడ నుంచి గోడకి గుడ్డ బిగించి కట్టి, దానికి తెల్లగా సున్నం పూయించేవారు. చూడటానికి సీలింగులా ఉండేది, పైనుంచి రాలే దుమ్ముని, పురుగుని ఆపేది. రాత్రిపూట ఆ గుడ్డ మీద ఎలుకలు పరిగెడుతుంటే కింద మంచం మీంచి అడుగుల జాడలు కనిపించేవని, ఎలుక వెనకే పాము జారిపోవడం కూడా తెలిసేదని ఆ కాలపు తెల్లవాళ్ళ జ్ఞాపకాల్లో తరచూ కనిపిస్తుంది. దొరసాని అయినా మనలాగే కప్పు వైపు చూస్తూ నిద్ర చెడగొట్టుకునేదన్నమాట.

గడ్డికి ఇంకో భయం నిప్పు. మందుగుండు, గుర్రాల మేత, పక్కపక్కనే బజార్లు ఉన్న దండు ఊళ్ళో అది చిన్న భయం కాదు. స్తోమత ఉన్నవాళ్ళంతా మెల్లగా పెంకుకి మారారు.

కుమ్మరి సారె మీద పుట్టిన కప్పు

మంగుళూరు పెంకు రాకముందు మన పెంకు గూనపెంకు. కుమ్మరి సారె మీద మట్టిని అడుగు లేని కుండలా పొడుగ్గా లాగి, పచ్చిగా ఉండగానే నిలువునా గీసి, ఆరాక రెండు సగాలుగా విడదీసి ఆవంలో కాలిస్తే రెండు గూనలు. వాసాల మీద ఒక వరస వెల్లకిలా, దాని సందుల మీద ఇంకో వరస బోర్లా పేరుస్తారు. బోర్లా ఉన్నది వానని పక్కకి తోస్తుంది, వెల్లకిలా ఉన్నది ఆ నీళ్ళని పట్టుకుని చూరు దాకా దింపుతుంది. మేకు లేదు, సున్నం లేదు. ఒకదాని బరువు మీద ఇంకొకటి కూచుంటుంది.

అందులోనే సుఖం, అందులోనే కష్టం. ఒక పెంకు పగిలితే అదొక్కటి మార్చుకోవచ్చు, ఊళ్ళోనే దొరుకుతుంది, ఖర్చు తక్కువ. కానీ పిల్లి పరిగెత్తినా పెంకు కదులుతుంది. ఇక కోతి సంగతి చెప్పాలా! పెంకు కింద పురుగుల కోసం, పిచ్చుక గుడ్ల కోసం ఒక్కొక్కటే ఎత్తి చూసి, చూసినదాన్ని పక్కన పారేస్తుంది. ఇల్లు పీకి పందిరేయడం అనే మాటకి కోతుల మందని మించిన ఉదాహరణ లేదు.

అందుకే గూనపెంకు ఇంట్లో ఏడాదికొకసారి కప్పు మొత్తం సర్దించక తప్పేది కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటారు కదా, ఆ ఎండలు ముదిరిన రోజుల్లోనే మనిషిని పిలిచేవారు. పెంకులు దించడం, లోపలి ఆకులూ చెత్తా దులపడం, చెదలు పట్టిన వాసం మార్చడం, విరిగినవి ఏరేసి కొత్తవి కలిపి మళ్ళీ పేర్చడం. మృగశిర మొదటి వానకల్లా అయిపోవాలి. ఆషాఢంలో లష్కరు బోనాలకి ఇంటినిండా చుట్టాలు దిగుతారు, వాళ్ళ నెత్తిన చుక్క పడకూడదు! మా అత్తగారి అమ్మగారు ఆ ఖర్చు కోసం సంక్రాంతి నుంచే పోపుల డబ్బాలో అణాలు దాచేవారట.

అదే రోజుల్లో తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో మట్టి మిద్దెలుండేవి. వాటి మీద ఏటా వానలకి ముందు చౌడుమట్టి పరిచేవారు. తడిస్తే నీటిని కిందికి దిగనివ్వని గుణం ఆ మట్టికి ఉంది. పొలానికి పనికిరాని మట్టి ఇంటికి పనికొచ్చేది.

మంగుళూరు నుంచి వచ్చిన పెంకు

1841లో ఫ్రాన్సులో ఆల్ట్‌కిర్క్ అనే ఊళ్ళో గిలార్డోని అన్నదమ్ములు ఒకదాని గాడిలో ఇంకొకటి కూచునే పెంకుకి పేటెంటు తీసుకున్నారు. అలాంటి పెంకుని మన దేశంలో చేసింది బాసెల్ మిషన్ వాళ్ళు. 1865లో గియోర్గ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్ మంగుళూరులోని జెప్పులో, నేత్రావతి ఒడ్డున దొరికే బంకమట్టితో ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. కొత్తగా క్రైస్తవంలోకి వచ్చి కులవృత్తులు పోగొట్టుకున్నవాళ్ళకి పని చూపించడం మిషన్ ఉద్దేశం. తర్వాత ఇతరులూ ఫ్యాక్టరీలు పెట్టారు. బెంగుళూరు వైపు నుంచి కూడా రావడంతో మన తెలుగు ఇళ్ళలో చాలాచోట్ల దానికి బెంగుళూరు పెంకు అనే పేరు నిలిచింది.

సుమారు 16 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉండే ఈ పెంకు చప్పటిది. ఒక అంచున గాడి, ఇంకో అంచున పట్టు, వెనక రీపరుకి తగిలించుకునే ముక్కు. రెండు వరసలు పేర్చాల్సిన అవసరం లేదు కాబట్టి కప్పు బరువు తగ్గింది, వాసాల ఖర్చు తగ్గింది, పిల్లి నడిస్తే కదలదు. మధ్యమధ్య గాజు పెంకు పెడితే వంటింట్లోకి వెలుగు.

వాడీ నుంచి సికింద్రాబాదుకి 1874లో రైలు వచ్చాక ఇలాంటి బరువు సరుకు దూరం నుంచి తెప్పించుకోవడం తేలికైంది. రైలుతో పాటే రైల్వే ఉద్యోగులూ, 1893లో లాలాగూడ వర్క్‌షాపూ వచ్చాయి. లాలాగూడ, మెట్టుగూడ వైపు చెట్ల నీడన ఎర్ర పెంకుల క్వార్టర్లు లేచాయి. ఆ క్వార్టర్లలో పెరిగిన ఆడపిల్లల్ని అడిగి చూడండి, చూరు నీళ్ళ కింద కాళ్ళు పెట్టుకుని కూచున్న సాయంత్రాల గురించి చెప్పకుండా ఉండరు.

ఈ పెంకుకీ శత్రువులున్నాయి. గాడిలో వేపాకులు, మట్టి నిండితే నీరు పొంగి లోపలికి దిగుతుంది. కప్పు వాలు తగ్గినా, ఈదురుగాలికి జల్లు ఎదురు కొట్టినా చెమ్మ వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన చోటు రెండు వాలులు కలిసే మూల. అక్కడ జింకు రేకుతో వేసే దోనెలో ఒక్క గుప్పెడు ఆకులు అడ్డం పడితే చాలు, కప్పంతా బాగున్నా ఆ మూల కింద గోడ నానిపోతుంది. మా మారేడుపల్లి ఇంట్లో అరవై ఏళ్ళలో కారిన ప్రతిసారీ ఆ దోనె దగ్గరే కారింది.

ఎలుకలు రాసిన తీర్పు

1896లో బొంబాయిలో ప్లేగు మొదలై దేశమంతా పాకింది. 1911 నాటికి హైదరాబాదునీ గట్టిగా పట్టుకుంది. ఆ దెబ్బతోనే ఇరుకు బస్తీలు బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ప్లేగుని మోసేది ఎలుక మీద ఉండే మిణ్ణల్లి అని తేలడానికి చాలా పరిశోధన జరిగింది. అందులో ఒకటి మన కప్పుల కథలో తప్పక చెప్పుకోవాలి.

1905లో ఏర్పడిన ప్లేగు పరిశోధకుల బృందం బొంబాయిలో వరసగా చిన్న గదులు కట్టించింది. వాటికి కప్పులు మాత్రం వేర్వేరుగా వేయించింది. కొన్నిటికి నాటు పెంకు, కొన్నిటికి మంగుళూరు పెంకు. నాటు పెంకుల సందుల్లో ఎలుకలు గూళ్ళు కట్టుకుని హాయిగా పిల్లల్ని పెట్టాయి. మంగుళూరు పెంకు కింద వాటికి అంత చోటు దొరకలేదు. ఎలుకలు చేరిన కప్పు కిందికే ప్లేగు ముందు దిగుతుందన్న సంగతి అలా బయటపడింది. ఇంటి కప్పు ఎలా వేశామన్నదాన్ని బట్టి ఇంట్లోవాళ్ళు బతుకుతారా చస్తారా అన్నది తేలే రోజులవి. పెంకు దులపమని, అటక శుభ్రం చేయమని మన ముత్తవ్వలు అంత గట్టిగా పోరుపెట్టారంటే దాని వెనక ఈ భయం ఉంది.

ఇంకో మాట. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఆడ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. మన సికింద్రాబాదు దండులో పనిచేసిన డాక్టరు ఆయన. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. కప్పు మీద, సజ్జా మీద, దోనెలో నిలిచిన నీళ్ళు చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. ఇప్పుడు మనల్ని పీడించే డెంగీ దోమ అయితే మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి పైకెక్కి చూసి నీళ్ళు పారబోస్తే ఆ వంశం అక్కడితో ఆగుతుంది.

ఆడకూలీలు చరిచి చరిచి చేసిన డాబా

డబ్బున్న ఇళ్ళకి, ఆఫీసులకి సున్నం డాబాలుండేవి. టేకు దూలాల మీద ఇటుకని అంచు మీద నిలబెట్టి సున్నంతో పేర్చడం ఒక పద్ధతి. దాన్ని మద్రాసు టెర్రస్ అంటారు. ఇనప గర్డర్ల మధ్య ఇటుక కమానులు వేయడం ఇంకో పద్ధతి. హైదరాబాదు, సికింద్రాబాదు పాత భవనాల్లో తల ఎత్తి చూస్తే అలల్లా కనిపించేవి అవే.

దేని మీదైనా పైపొర ఒకటే: గానుగలో ఆడిన సున్నం, ఇటుక ముక్కలు. ఆ పొరని చెక్కలతో రోజుల తరబడి చరిచేవారు. చరిచేది ఆడవాళ్ళు. వరసగా కూచుని, పాట పాడుకుంటూ, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, చెక్క తగిలితే ఎగిరిపడేంత గట్టిగా అయ్యేదాకా చరిచేవారు. దాని మీద పలచని మట్టి బిళ్ళలు పరిస్తే వందేళ్ళు నిలిచేది. ఆ మేడలు కట్టించినవారి పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. ఆ చేతులవి ఎక్కడా లేవు. కానీ వాన ఆగినది ఆ చేతుల వల్లే.

సున్నం డాబా ఉన్న ఇల్లు ఇంకా మీకుంటే ఒక్క సంగతి మరిచిపోవద్దు. సున్నం తడిని పీల్చి మళ్ళీ వదిలేస్తుంది. పగులు కనిపించింది కదా అని దాని మీద సిమెంటు మెత్తితే లోపలి తడికి దారి మూసుకుపోతుంది. దూలం చివర్లు లోపలే కుళ్ళుతాయి. సున్నానికి సున్నమే మందు.

స్లాబు వచ్చింది, నిద్ర వచ్చిందా?

స్వాతంత్ర్యం తర్వాత స్లాబు మధ్యతరగతికి కలయింది. "డాబా ఇల్లు" అంటే సంబంధాల దగ్గర కూడా ఒక హోదా. స్లాబు వేయలేనివాళ్ళకి సిమెంటు రేకులు. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో తయారైన చార్మినార్ రేకులు ఊరూరికీ వెళ్ళాయి. తెలంగాణ పల్లెల్లో పెంకు పోయి రేకు, స్లాబు రావడానికి కోతులే కారణమని ఎవరిని అడిగినా చెబుతారు. ఏటా పెంకులు సర్దించలేక విసిగి మార్చేసుకున్నారు. ఒక జంతువు ఊళ్ళ రూపమే మార్చేసిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని కోయడం, రుద్దడం, పగలగొట్టడం ఇంట్లో చేయించకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి విషం.

స్లాబు ఉంటే ఇక కప్పు బెంగ తీరిందనుకున్నాం. తీరలేదు. పెంకు కప్పు వానని జారవిడుస్తుంది, స్లాబు వానని మోస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. 2000 ఆగస్టు 24న మన ఊళ్ళో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 19 సెంటీమీటర్ల వాన అంటే సుమారు 17,600 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నర! అదంతా డాబా మూలనున్న ఒకటో రెండో గొట్టాల్లోంచి పోవాలి. ఆ గొట్టం మూతి దగ్గర ఒక పావురం గూడు, ఒక ప్లాస్టిక్ కవరు, నాలుగు ఆకులు చాలు. నీళ్ళు పిట్టగోడ అంచు దాకా నిలుస్తాయి, పగులు వెతుక్కుంటాయి, లోపలి ఇనుముని తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటుని తోస్తుంది. వంటింటి సీలింగు పెచ్చులు ఊడి పడేది అందుకే. చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వస్తే అది ప్రాణం మీదికొచ్చే సంగతి. గోడ తడిసిన చోట మెయిన్ ఆపకుండా స్విచ్ ముట్టుకోవద్దని పనిమనిషితో సహా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

పిట్టగోడ మీది పిట్టలు

పిట్టగోడ అని పేరు పెట్టినవారు ఏ అర్థంతో పెట్టారో గానీ, ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లకి సరిగ్గా సరిపోయింది. పావురం అసలు కొండ చరియల్లో గూడు కట్టుకునే పక్షి. సజ్జాలు, ఏసీ వెనక సందులు, డక్టులు దానికి కొండ చరియల్లాగే కనిపిస్తాయి. మనం పెంకుటిల్లు కూల్చి అయిదంతస్తులు కట్టిన ప్రతిసారీ పావురానికి ఒక కొండ కట్టిచ్చినట్టే.

అదే సమయంలో పిచ్చుకలకి ఇల్లు లేకుండా పోయింది. పెంకుల కింద సందు, చూరు కింద వాసం మూల వాటి పుట్టిల్లు. వసారాలో వరి కుచ్చు వేలాడదీసి వాటిని మనమే పిలిచేవాళ్ళం. నున్నటి స్లాబులో, అద్దాల కిటికీలో అవి ఎక్కడుంటాయి? పాత కప్పులో చోటున్నది పిచ్చుకకి, కొత్త కప్పులో చోటు దొరికింది పావురానికి.

మా అపార్ట్‌మెంటులో ఒక పెద్దావిడకి నెలల తరబడి దగ్గు తగ్గలేదు. స్పెషలిస్టు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "మీ బాల్కనీలో పావురాలున్నాయా?" అని. ఎండిన రెట్ట దుమ్ము రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచి గట్టిపడిపోతాయి. కాబట్టి రెట్టని పొడిగా ఊడవకండి. నీళ్ళు చల్లి, మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తీయండి. సందులకి వల కట్టించే ముందు గూట్లో గుడ్లు, పిల్లలు లేవని చూసుకోండి. గుడ్డు పిల్లై ఎగరడానికి ఏడు వారాలు పడుతుంది. ఆ కాస్త ఆగితే తల్లిని బయటా పిల్లల్ని లోపలా ఉంచి వల కట్టిన పాపం మనకి ఉండదు.

కోతుల సంగతీ అంతే. ఒకప్పుడు గోదావరికి దక్షిణాన ఎక్కువగా ఉండేది తలమీద టోపీలా వెంట్రుకలుండే మన కోతి. ఉత్తరాది ఎర్రమూతి కోతి ఏళ్ళు గడిచేకొద్దీ దక్షిణానికి దిగుతూ వచ్చింది. అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి వైపు దండు చెట్లు, పక్కనే మన చెత్తడబ్బాలు, మూతలేని వాటర్ ట్యాంకులు. వాటికి ఇంకేం కావాలి? కొట్టడం, విషం పెట్టడం పాపమే కాదు, నేరం కూడా కావచ్చు. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల పునరావాస కేంద్రం ప్రారంభమైంది. పట్టుకున్నవాటికి కుటుంబ నియంత్రణ చేసి అడవిలో వదలడం దాని పని. మన వంతుగా చేయగలిగింది తిండి దొరక్కుండా చూడటం: ట్యాంకు మూతకి గొళ్ళెం, చెత్తకి మూత, డాబా మీద వడియాలకి కాపలా. పండు చేతికిచ్చి దండం పెట్టే అలవాటు మానుకుంటే వాటికీ మంచిది, వెనకింటి పసిపిల్లకీ మంచిది.

పెరతేనె పట్టు ఎత్తైన సజ్జా కింద పడితే పొగ, మంట పెట్టించకండి. ఆ ఈగలు కాలం మారితే వాటంతటవే వలస పోతాయి. పాము కనిపిస్తే కొట్టే ముందు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళని పిలవండి. మన నగరంలో ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తున్నారు.

కార్తెల లెక్కన పనులు

మా అత్తగారి క్యాలెండరుని ఇప్పటి ఇళ్ళకి తగ్గట్టు మార్చి రాసుకున్నాను. మీకూ పనికొస్తుందని ఇస్తున్నాను.

ఉగాది దాటాక ఒకసారి పైకెక్కి నాలుగు మూలలూ చూడండి. పగుళ్ళని చాక్‌పీసుతో గుర్తుపెట్టి ఫోటో తీయండి. ఎండలు ముదరకముందే డాబాకి తెల్లసున్నం గానీ, వేడిని తిప్పికొట్టే రంగు గానీ వేయించండి. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేది ఇదే. ఇల్లు చల్లబడుతుంది, స్లాబు ఎండకి సాగి పగలడమూ తగ్గుతుంది.

రోహిణి కార్తెలో రిపేర్లు. పెంకు అయితే దోనె, రీపర్లు, పగిలిన పెంకులు. స్లాబు అయితే పిట్టగోడ, స్లాబు కలిసే మూల. నూటికి తొంభై చోట్ల చెమ్మ దిగేది అక్కడే అని అనుభవమున్న మేస్త్రీలంతా అంటారు. పని అయ్యాక గొట్టం మూసి ఒక పూట నీళ్ళు నిలబెట్టి చూసి, ఆ తర్వాతే డబ్బివ్వండి.

మృగశిర మొదలు చిత్త దాకా వారానికోసారి గొట్టాల మూతులు, సజ్జాలు, కుండీల కింద పళ్ళాలు. నీళ్ళు ఇంకుడు గుంతకి పోయేలా చేసుకోండి. 2002 నాటి వాల్టా చట్టం చెప్పేదీ అదే. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే మనం వానాకాలంలో మూడున్నర ట్యాంకర్లు రోడ్డు మీదికి వదిలేస్తున్నాం.

దీపావళి తర్వాత వానలు వెనకబట్టాక, ఏడాదిలో ఎక్కడెక్కడ కారిందో ఒక పుస్తకంలో రాయండి. తారీఖు, ఏ గది, ఏ మూల. మేస్త్రీ మారతాడు, పుస్తకం ఉంటుంది.

కప్పు ఎవరిది?

అపార్ట్‌మెంట్లలో ఒక బాధ ప్రతిచోటా వింటున్నాను. పైఅంతస్తు వాళ్ళ సీలింగు కారితే "అది మీ సమస్య, మీరే చేయించుకోండి" అంటారు కిందివాళ్ళు. మీటింగుల్లో ఆ ఇంటావిడ ఒక్కతే మాట్లాడుతుంటుంది, మిగతావాళ్ళు టైము చూసుకుంటారు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం గోడలు, పునాదుల్లాగే కప్పు, టెర్రస్ కూడా అందరి ఉమ్మడి ఆస్తి. పండగలకి టెర్రస్ అందరిదైనప్పుడు, వానకి కూడా అందరిదే. ఈ మాట మీటింగులో గట్టిగా అనండి. తుప్పు పైఅంతస్తుతో ఆగదు, స్తంభాల వెంట కిందికి దిగుతుంది.

మారేడుపల్లి ఇంటిని కూడా బిల్డరుకి ఇవ్వాలా వద్దా అన్న మాట మా ఇంట్లో రెండేళ్ళుగా నలుగుతోంది. మా మరిది ఇచ్చేద్దామంటాడు. ఏటా పెంకుల ఖర్చు ఎవరు భరిస్తారని ఆయన వాదన, అందులో న్యాయముంది. ఈ ఏడాదికి మాత్రం దోనె మార్పించి, విరిగినచోట పాత పెంకులే వెతికి తెచ్చి వేయించాం. వచ్చే ఏడాది సంగతి తెలియదు. ఇస్తే గనక రెండు షరతులు రాయించాలని మేం తోడికోడళ్ళం అనుకున్నాం. టెర్రస్ వాలు, నీళ్ళ గొట్టాల లెక్క ప్లానులో మాకు చూపించాలి. కొత్త ఇంటి చూరు కింద నాలుగు పిచ్చుక గూళ్ళకి చోటు వదలాలి. నవ్వుతారేమో, నవ్వనీయండి. రాబోయే అరవై ఏళ్ళు ఆ కప్పు కింద గిన్నెలు పెట్టేది మన పిల్లలే.